తొమ్మిది లైన్ల పులిజూదం

1978 ఆగస్టు 9, బుధవారం. ఆ మధ్యాహ్నం విశాఖపట్నంలోని ఒక ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఫ్లోరెన్స్ అనే ఆపరేటరు తొమ్మిది ఊళ్ల లైన్లను ఒకే సంభాషణలో కలిపింది. నాలుగుకు మించి కలపకూడదు. పన్నెండేళ్లుగా ఆ బోర్డు ముందు కూర్చుంటున్న మనిషికి ఈ సంగతి తెలియకపోయే అవకాశం లేదు. తెలిసీ ఎందుకు కలిపిందో అర్థం కావాలంటే ఆ లైన్ల మీద సాగిన ఒక ఆట గురించి, ఆ ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లకు జరిగే మర్యాద గురించి ముందు తెలుసుకోవాలి.

ఫ్లోరెన్స్ తండ్రి దేవకుమార్ పోర్టులో క్రేను డ్రైవరు. పాత ఊళ్లో, చర్చి వెనక సందులో వాళ్ల ఇల్లు. ఆమె మెట్రిక్ పాసై 1966లో ఉద్యోగంలో చేరింది. చేరిన ఏడాదే తండ్రి పోయాడు. తల్లి ఆరోగ్యమ్మ, ఫిషింగ్ హార్బరులో ఐసు ప్లాంటులో పనిచేసే తమ్ముడు కృపాకర్, ఆమె - ఇంట్లో ముగ్గురు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "డ్యూటీ ఎప్పుడు పడతాదో నాకే తెలీదు, ఆయనకేటి సెప్పను" అని నవ్వేసేది.

ఆ రోజుల్లో ఒక ఊరి నుంచి మరో ఊరికి ఫోను చేయాలంటే కాల్ బుక్ చేసుకుని ఎదురుచూడవలసిందే. ఆపరేటరు తీగ చివరి ప్లగ్గును సరైన రంధ్రంలో గుచ్చితే రెండు ఊళ్లు మాట్లాడుకునేవి. ఉదయమంతా బోర్డు మీద చెయ్యి ఆగదు. భోజనాల వేళ దాటాక మాత్రం వర్తకులు కునుకు తీస్తారు, ఆఫీసుల్లో పని మందగిస్తుంది, లైన్లు ఖాళీగా పడివుంటాయి. ఆ ఖాళీలోనే చుట్టుపక్కల చిన్న ఎక్స్ఛేంజిల ఆపరేటర్లు పులిజూదం ఆడేవారు. ఎప్పుడు మొదలైందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఫ్లోరెన్స్ చేరేనాటికే ఉంది.

అరుగుల మీద సుద్దతో గీసుకుని ఆడే ఆటే అది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకలు పులుల్ని కదలనివ్వకుండా చుట్టుముట్టాలి. లైను మీద ఆడటానికి వాళ్లు బొమ్మలోని చుక్కలకు అంకెలు పెట్టుకున్నారు. ఎవరి ఊళ్లో వాళ్లు కాగితం మీద బొమ్మ గీసుకుని, పులులకు గుండీలు, మేకలకు చింతపిక్కలు పెట్టుకుని, ఎత్తులు నోటితో చెప్పుకునేవారు. ఆడేది ఇద్దరు. వింటూ ఎగతాళి చేసేది మిగతా అందరూ. ఏళ్ల తరబడి కలిసి ఆడిన ఆ మనుషుల్లో ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు చాలా తక్కువ. ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకునేవారు.

కొత్తగా చేరిన ఆపరేటరుకు ఎప్పుడూ మేకలే ఇచ్చేవారు. నియమాలు చెప్పేవారు కాదు. పదిహేను మేకలూ బొమ్మ మీదకు వచ్చేదాకా ఏ మేకనూ కదపకూడదన్నది ఆటలో కీలకం. దాన్ని కొత్తవాళ్లకు పనిగట్టుకుని దాచేవారు. తెలియక కదిపితే ఆట చెడిపోయిందని మొదటికి తెచ్చేవారు. చివరికి ఓడినవాళ్లు లైనులో అందరూ వినేలా మేకలాగా మూడుసార్లు "మే" అనాలి. పాతవాళ్లు ఓడితే ఎవరూ అడిగేవారు కాదు. ఫ్లోరెన్స్ తన తొలి వర్షాకాలమంతా అలా అరిచింది. ఇంటికి వెళ్లి చెబితే తమ్ముడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కానీ ఉదయం డ్యూటీకి బయలుదేరే వేళకు లేని జ్వరం చెప్పి రెండుసార్లు సెలవు పెట్టిందని ఆరోగ్యమ్మ చెబుతుంది.

పాతవాళ్లలో కలిసిపోయాక ఫ్లోరెన్స్ వేరే పద్ధతి పెట్టుకుంది. ఏ చిన్న ఊరి లైనులోనైనా కొత్త గొంతు వినపడితే, మిగతావాళ్లు వదిలేశాక ఆ ఒక్క లైనును తానే మోగించి, బొమ్మ గీయించి, అన్ని నియమాలూ చెప్పి, పులుల్ని అవతలివాళ్లకిచ్చి తాను మేకలు తీసుకునేది. ఆ కొత్త మనిషి ఒక్క ఆటైనా గెలిచేదాకా ఆ లైనులోకి మరొకరిని రానిచ్చేది కాదు.

"నీ ఉజ్జోగం కనెక్షన్లు ఇవ్వడమా, కోచింగ్ ఇవ్వడమా?" అనేవాడు కృపాకర్. "ద్వారకా నగర్లో ఓ గది తీసుకో అక్కా. బోర్డు కట్టేద్దాం - ఇచ్చట మేకలకు పాఠాలు చెప్పబడును."

ఆమె పద్ధతి వల్ల ఏం మారిందని చూస్తే, పెద్దగా ఏమీ మారలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు త్వరగా పాతవాళ్లయ్యారు. పాతవాళ్లయ్యాక వాళ్లూ తమ తర్వాత వచ్చినవాళ్ల చేత "మే" అనిపించారు. నజీర్ అనే కుర్రాడు మొదటి నెలలో ఆమెకు ఫోను చేసి ఏడ్చాడు. రెండేళ్లకు లైనులో అందరికంటే గట్టిగా నవ్వే గొంతు అతనిదే. అడిగితే, "సరదాకే కదా అక్కా, మనమూ పడ్డాం కదా" అన్నాడు. ఫ్లోరెన్స్ మాత్రం మానలేదు. తన పని తాను చేసుకుపోయింది.

ఆ ఏడాది మార్చిలో, పద్మనాభం ఊరికి అవతలున్న నడిమిపల్లి ఎక్స్ఛేంజికి తాయారు వచ్చింది. పోస్టాఫీసుకు ఆనుకున్న చిన్న గది, ఒక బోర్డు, జనం నిలబడే ఒక కిటికీ. ఉద్యోగం తాత్కాలికం, ఆగస్టు చివరికి పర్మినెంటు కావాలి. ఆమె సొంత ఊరు వేరు; అక్కడ తండ్రి కౌలుకు వరి పండిస్తాడు. ఇంట్లో నెలజీతమన్నది మొదటిసారి చూసింది ఆమె వల్లనే. ఆ పర్మినెంటు కాగితం కోసం ఇల్లంతా కాచుకుని ఉంది.

ఆమె చేరిన రోజే సీతారేవు ఆపరేటరు గవర్రాజు ఆ గొంతును పట్టుకున్నాడు. ఆటలో అతన్ని మించిన పులి లేదని పేరు.

"హలో నడిమిపల్లి, ఎవరది? గొంతు కొత్తగా ఉన్నాదే!"

"కొత్తగా వచ్చినానండి. తాయారండి."

"పులిజూదం వచ్చా?"

"ఎందుకండి?"

"ఎందుకేటి? ట్రైనింగులో సెప్పలేదా? కొత్త ఆపరేటర్లందరికీ పరీక్ష. పైకి రిపోర్టు ఎల్తాది."

తాయారు నమ్మింది. ఆడింది. ఓడింది. మూడుసార్లు అరవాలంటే, అదీ పరీక్షలో భాగమే అనుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అరిచింది. పక్క గదిలోంచి పోస్టుమాస్టరు గురువులు తొంగిచూసి, "ఏటమ్మా, ఆఫీసులోకి మేక దూరినాదేటి?" అన్నాడు. ఆ మాట కూడా లైనులో అందరికీ వినపడింది. చాలా రోజులు అదే చెప్పుకుని నవ్వుకున్నారు.

అందరూ వదిలేశాక నడిమిపల్లి గంట మళ్లీ మోగింది.

"నాను వైజాగ్. ఏడుస్తన్నావేటి?"

"లేదండి."

"ఏడిస్తే ముక్కు తుడుసుకుని ఓ కాయితం తీసుకో. బొమ్మ గీద్దాం. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఆళ్లు నీతో ఆడుకున్నారు. రేపట్నించి నువ్వు ఆళ్లతో ఆడుకుందువు గాని."

తాయారు చురుకైన పిల్ల. వేసవి ముగిసేసరికి ఫ్లోరెన్స్‌నే ఓడించసాగింది. తొందరపడదు, బయట మేకల్ని నెమ్మదిగా పేర్చుకుంటూ లోపలికి వస్తుంది. మధ్యలో ఎవరైనా కాల్ బుక్ చేస్తే ఎంత మంచి ఆటైనా అక్కడికక్కడ వదిలేయాలని ఫ్లోరెన్స్ మొదటి రోజే చెప్పింది. ఆ మాట ఇద్దరూ తప్పలేదు. పని సంగతులు కూడా మాట్లాడుకునేవారు. ఏ ప్లగ్గు వదులైంది, ఏ వర్తకుడు తిడతాడు, పర్మినెంటు కాగితం ఎప్పుడొస్తుంది.

కాగితం సంగతి తెలిసి గవర్రాజు ఆగస్టు మొదటి వారంలో సవాలు విసిరాడు. "పర్మినెంటు అయ్యే ముందు మీ శిష్యురాల్ని ఓసారి మా ముందు ఆడించండి ఫ్లోరెన్స్ గారూ. మేక అరుపు ఇని సానాళ్లయింది."

"ఈసారి అరిసేది తవరేనేమో సూడండి."

"నానా? నాను అరిస్తే సీతారేవులో పాలు పితకడానికి ఎగబడతారమ్మా!"

లైను గొల్లుమంది. బుధవారం మధ్యాహ్నానికి ఖాయం చేసుకున్నారు.

ఫ్లోరెన్స్ చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. మార్చిలో తాయారు అరుపు విన్న ఊళ్లన్నీ ఇప్పుడు ఆమె గెలుపు కూడా వినాలనుకుంది. ఒక్క చెవి కూడా తప్పకూడదనుకుంది. నలుగురిని కలిపితే మిగతావాళ్లు తర్వాత నమ్మరు. వర్షానికి లైను బాగాలేక గెలిచిందంటారు. అందుకని ఒక్కొక్క ప్లగ్గే గుచ్చుకుంటూ పోయింది. ఒక గ్లాసు టీని తొమ్మిది గ్లాసుల్లో పోస్తే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో, ఒక గొంతు తొమ్మిది లైన్లలోకి పంచుకుపోతే ఒక్కొక్క చెవికి అంతే వస్తుంది. పైగా ముసురు. నడిమిపల్లి లైను అన్నిటికంటే పొడవైనది, అన్నిటికంటే పాతది.

ఆట మొదలైన కాసేపటికే అరుపులు లేచాయి. "నడిమిపల్లీ, ఇనపడ్డం లేదు! గట్టిగా సెప్పు!" "మేక ఎక్కడ పెట్టినావు? దొడ్లోనా?"

తాయారు గొంతు పెంచింది. ఇంకా పెంచింది. చివరికి ఆ చిన్న గదిలో కూర్చుని, "మేక పదిహేడు! పులి కదల్లేదు!" అని కేకలు పెడుతూ ఆడింది. మూడు మేకలు పోయాయి. రెండు పులులు చిక్కాయి. మూడోదానికి ఒక్క దారి మిగిలింది.

అప్పుడు కిటికీ దగ్గరికి ఆ ఊరి బళ్లో పనిచేసే ఒక మాస్టారు వచ్చాడు. ఉదయం ఆయన భార్యను పురుటికి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడికి అర్జెంటు కాల్ కావాలన్నాడు. తాయారు వెంటనే లైనులో, "అక్కా, కాల్ ఉన్నాది" అంది. మామూలు రోజైతే ఫ్లోరెన్స్ అన్ని ప్లగ్గులూ అప్పుడే లాగేసేది. ఆ రోజు తొమ్మిది లైన్ల గోలలో ఆమెకు ఏమీ వినపడలేదు. దగ్గరి లైనులో ఉన్న నజీర్‌కు మాత్రం వినపడింది. "ఓడిపోతన్నాదని కాల్ అంటన్నాది!" అని అతను నవ్వాడు. తాయారు తన ప్లగ్గును తానే లాగేయవచ్చు. కానీ ఆట మధ్యలో లైను తీసేసినవాళ్లు ఓడినట్టే లెక్క. ఓడితే మళ్లీ అరవాలి. గెలుపు రెండెత్తుల దూరంలో ఉంది. మాస్టారి వైపు తిరిగి, "లైను బిజీ అండి, ఒక్క నిమిషం" అంది.

ఆ ఒక్క నిమిషం పావుగంట దాకా సాగింది. అంతసేపూ మాస్టారు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి పులులూ మేకలూ విన్నాడు.

తాయారు గెలిచింది. మూడో పులి ఎటూ కదల్లేదని ఆమె చెప్పగానే టక్కుమని ఒక ప్లగ్గు తీసిన చప్పుడైంది. సీతారేవు లైను ఖాళీ. "గవర్రాజు గారికి కాల్ వచ్చినట్టున్నాది" అన్నారెవరో. ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. బాగా ఆడావని ఫ్లోరెన్స్ తప్ప ఎవరూ అనలేదు. ఆమె ఆ మాట అనేసరికి, "అక్కా, ఆసుపత్రికి అర్జెంటు, తొందరగా ఇయ్యండి" అంటోంది తాయారు.

మాస్టారికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆయన ఫిర్యాదు రాశాడు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

శుక్రవారం ఒక అధికారి విచారణకు వచ్చాడు. అతను రాకముందే షిఫ్టు ఇన్‌ఛార్జి కామేశ్వరి ఫ్లోరెన్స్‌ను పక్కకు పిలిచింది. "నువ్వేటీ సెప్పకు. వానకి లైన్లు కలిసిపోనాయని రాసేత్తాను."

"కలిసిపోలేదండి. నానే కలిపినాను."

"ఆ తాయారు గుంట టెంపరరీ. నీకు పన్నెండేళ్ల సర్వీసు. నువ్వు మునిగితే అది తేలుతాదేటే?"

ఫ్లోరెన్స్ వినలేదు. జరిగినదంతా అధికారికి వరసగా చెప్పింది. లైన్లు కలిపింది తానేనని, తాను కలపకపోతే ఆ అమ్మాయి మాట తనకు వినపడి ఉండేదని చెప్పింది. అధికారి మర్యాదగానే విన్నాడు.

"మీకు వినపడలేదు సరే. ఆమె లైను తీసేయవచ్చు కదా. ఎందుకు తీయలేదు?"

ఫ్లోరెన్స్ అబద్ధమాడే మనిషి కాదు. తాయారు మంచితనం అతనికి అర్థమవుతుందనే నమ్మకంతో ఉన్నదున్నట్టు చెప్పింది. "రెండెత్తుల్లో గెలుస్తాదండి. తీసేస్తే ఓడినట్టు. ఓడితే అందరూ మళ్లీ మేకలా అరిపిస్తారండి."

అధికారి ఆ మాట రాసుకున్నాడు. అంటే ఆ అమ్మాయి అర్జెంటు కాల్‌ను తెలిసే ఆపిందన్నమాట. అప్పటిదాకా కాగితం మీద ఆ విషయం లేదు.

మిగతా ఎనిమిది ఊళ్లనూ అడిగారు. ఆట సంగతి తమకు తెలియదని అన్ని ఊళ్లూ చెప్పాయి. ఎవరో ఆడమనిషి కేకలు పెడుతుంటే విన్నానని గవర్రాజు అన్నాడు. ఫ్లోరెన్స్‌కు ఒక ఇంక్రిమెంటు ఆపారు. తాయారు తాత్కాలిక ఉద్యోగి కనుక ఆమె విషయంలో అంత రాతకోత అవసరం పడలేదు. శనివారం నుంచి రానక్కరలేదన్నారు.

లైన్ల మీద ఇక ఆట సాగనివ్వలేదు. పాతవాళ్లు తప్పంతా ఫ్లోరెన్స్ మీద, ఆమె నెత్తిన పెట్టుకున్న కొత్త పిల్ల మీద వేశారు. కొత్తవాళ్లను కొత్తవాళ్లలాగే ఉంచితే ఇన్నేళ్ల సరదా పోయేది కాదని వాళ్ల వాదం. నజీర్ ఒకసారి కాల్ కలపమని అడుగుతూ, "ఏటక్కా, ఇప్పుడు ఎవరికి పాఠాలు?" అన్నాడు. ఆమె అతనడిగిన నంబరు కలిపింది.

మరుసటి వారం, సెలవు దొరికిన రోజున, ఫ్లోరెన్స్ పద్మనాభం బస్సెక్కింది. అక్కడ దిగి దారి అడుగుతూ తాయారు వాళ్ల ఊరికి నడిచింది. ఇంటి ముందు తాయారు తల్లి చిలకమ్మ గంపలు సర్దుతోంది. "మా గుంట కోసమా? ఊడుపులో ఉన్నాది. ఆ గట్టు మీద ఎల్లు తల్లీ" అంది. ఎవరు, ఎందుకని అడగలేదు.

మడిలో పదిమంది దాకా ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తూ వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. అందులో ఎవరు తాయారో ఫ్లోరెన్స్‌కు తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలిచింది. వరస చివర ఒక చిన్నపాటి మనిషి గభాలున నడుం ఎత్తింది. ఆ గొంతుకు పొడగరి అయివుంటుందని ఫ్లోరెన్స్ అనుకునేది.

దగ్గరికొచ్చి, "వైజాగ్" అంది తాయారు, చాలా మెల్లగా. తర్వాత, "ఎందుకొచ్చినారండి?" అంది.

"తప్పు నాది. అన్ని లైన్లూ కలపకుండా ఉండాల్సింది. నీకు సెప్పాలని వచ్చినాను."

"నాకు తెలుసండి. ప్లగ్గులు గుచ్చుతుంటే ఇన్నాను. అప్పుడు బాగానే అనిపించినాది." మళ్లీ తనే అడిగింది. "ఆ గవర్రాజు అరిసినాడాండి తర్వాతైనా?"

"లేదు."

తాయారు తలూపింది.

"యూనియనోళ్లతో మాటాడతాను. అర్జీ పెడదాం. మళ్లీ నాను సాక్ష్యం సెప్తాను."

"ఒద్దండి!" తాయారు వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించింది. "కడుపునొప్పొచ్చి మానీసినానని నాన్న ఊళ్లో సెప్పినాడు. నడిమిపల్లి మాట ఇంకా ఇక్కడిదాకా రాలేదు. మీరు అర్జీలు పెడితే మేకల సంగతి ఊరంతా తెలిసిపోతాది. నాను ఇక్కడే బతకాలి కదండి. మీరు నాకేటీ సెయ్యకండి."

ఫ్లోరెన్స్ ఏదో అనబోయింది. మడిలోంచి ఒకామె కేకేసింది. "తాయారూ, సుట్టాలొచ్చినారేటే? నీ వరస మేమెయ్యాలా?"

"ఎవురో దారి తప్పినారే! అడుగుతన్నారు!" అని తాయారు తిరిగి అరిచింది. వచ్చిన దారినే వెనక్కి పంపితే తన కోసమే వచ్చిందని చూస్తున్నవాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి బురద చెయ్యెత్తి తూర్పువైపు బాట చూపించింది. నిజానికి బస్సు ఆగే రోడ్డు పడమర ఉంది. ఫ్లోరెన్స్ తూర్పువైపే నడిచింది. ఆ మడి కనపడనంత దూరం పోయాక గట్టు మీద ఆగింది. వాళ్లు పని ముగించి ఇళ్లకు వెళ్లేదాకా వెనక్కి తిరగడానికి వీల్లేదు.